డి డ్రైవులో ఉండిపోయిన గొంతు

సత్తెనపల్లి,
డిసెంబరు మొదటి వారం, 2003.

అక్కయ్యకు,

తమ్ముడు కోటేష్ నమస్కారాలు. ఇక్కడ నేను కులాసా. అక్కడ నువ్వూ బావా కులాసాగానే ఉండి ఉంటారు. లేకపోతే ఈపాటికి నీ తిట్లు అందేవి.

ఫోనుండగా ఉత్తరమెందుకని అడుగుతావు. ఈ సీడీ ఎలాగూ కవరులో పెట్టి కొరియర్లో పంపాలి. ఉత్త కవరు పంపడమెందుకని కాగితం కూడా జత చేస్తున్నాను. సీడీలో మా కంపెనీ పత్తి విత్తనం ధవళగిరి 505 గురించిన ఫొటోల ప్రదర్శన ఉంది. దాన్ని పవర్‌పాయింట్ అంటారు. నీకు తెలియదని కాదు. తప్పిపోయిన గేదెల ప్రకటనలూ బట్టల షాపుల ప్రకటనలూ రికార్డు చేసి బావ ఆటో మైకుకు ఎక్కించే నీ షాపులో దాని అవసరం పడి ఉండదని చెబుతున్నాను.

సెప్టెంబరులో బాపయ్య మామయ్య చేలో మేం జరిపిన రైతు సభ ఫొటోలు ఇందులో ఉన్నాయి. ఛాతీ ఎత్తు చేను, మధ్యలో ఎర్ర తలపాగాతో మామయ్య, ఆయనకు దండ వేస్తూ మా ఏరియా మేనేజర్ గారు. సీడీతో పాటు పెట్టిన క్యాసెట్టులో ఆ రోజు మామయ్య మైకులో మాట్లాడిన మాటలున్నాయి. ఎంత బాగా మాట్లాడాడో విను. నాకు మేనమామ అని చెప్పుకోవడానికి గర్వంగా ఉంది. నీకైతే మేనమామా ఆయనే, మామగారూ ఆయనే, కాబట్టి రెండింతలు గర్వపడు.

నీ పని చిన్నదే. మామయ్య మాటలు కంప్యూటర్లోకి ఎక్కించి, వెనక సన్నాయి ఏదైనా వేసి, ఫొటోలకు అతికించాలి. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో మా కంపెనీ స్టాలు పెడుతోంది. పెద్ద తెర, పెద్ద స్పీకర్లు. పల్నాడు రైతులంతా వస్తారు. స్టాలు బాధ్యత నాది. అది బాగా జరిగితే నన్ను పర్మినెంటు చేస్తామన్నారు. జరగకపోతే వచ్చే ఏడు కూడా నాకు విత్తనాల సంచి తగిలించిన మోటారు సైకిలే.

మామయ్యకు ఈ సంగతి ఇప్పుడే చెప్పకు. తిరునాళ్లలో తన గొంతు తనే విని ఆశ్చర్యపోవాలి.

నీ తమ్ముడు,
కోటేష్.


చిలకలూరిపేట,
డిసెంబరు రెండో వారం.

కాబోయే ఆఫీసరు గారిని అక్క ఆశీర్వదించి రాస్తున్నది,

నీ సీడీ, క్యాసెట్టు, గొప్పలు మూడూ ఒకే కవరులో భద్రంగా అందాయి. గేదెల ప్రకటనలు చేసుకునేదాన్ని నమ్మి ఇంత పెద్ద పని అప్పగించినందుకు మేం పొంగిపోయాం. మీ బావ అంకమ్మరావు అయితే ఆటోలో మైకు సెట్టు బిగిస్తున్నవాడు కాస్తా ఆగి, మీ తమ్ముడు మనకి పని చెప్పాడంటే ఊళ్లో మిగతా అందరూ ఊరికే చెయ్యం అని ఉంటారు అన్నాడు. నా పుట్టింటి పరువు కోసం గట్టిగా ఖండించాను.

నువ్వు ఉత్తరం రాయడమే మంచిదైంది. మా షాపు ఫోనుకు ఈ మధ్య ఒక జబ్బు పట్టుకుంది. నేను ఎత్తితే చక్కగా పనిచేస్తుంది. మామయ్య ఎత్తి "హలో" అంటే చాలు, అవతల తెగిపోతుంది. టెలిఫోన్ ఆఫీసు నుంచి మనిషిని పిలిపించాను. లైను బాగానే ఉందని, అవతలివాళ్లదే ఏదో లోపమని చెప్పి వెళ్లాడు. సత్తెనపల్లిలో ఫోన్లకు ఇలాంటి జబ్బేమైనా తిరుగుతోందేమో కనుక్కుని రాయి.

మామయ్య మా షాపులో ఎందుకున్నాడని అడుగుతావేమో. కార్తీకమాసం నుంచి ఇక్కడే ఉంటున్నాడు. ముందు గదిలో ఫోను పక్కనే కుర్చీ. నువ్వు అడగలేదు, కాబట్టి నేను ఎందుకో చెప్పడం లేదు. అడిగితే చెబుతాను.

నీ పని పూర్తి చేసి సీడీ పంపుతున్నాను. సన్నాయి వేశాను. మీ విత్తనం గింజను ఊరేగింపుగా అత్తారింటికి పంపుతున్నట్టుంది. నా కంప్యూటర్లో అద్భుతంగా పలికింది.

అక్క,
కోటేశ్వరి.


సత్తెనపల్లి,
డిసెంబరు మూడో వారం.

అక్కయ్యకు,

అద్భుతం నీ కంప్యూటర్లోనే ఆగిపోయింది. కంపెనీ ల్యాప్‌టాప్‌లో నీ సీడీ పెడితే ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి, సౌండు మాత్రం లేదు. స్పీకరు బొమ్మ మీద ఎంత నొక్కినా ఇంగ్లీషులో ఏదో విసుక్కుంటోంది. మామయ్య నోరు తెరిచి, చెయ్యెత్తి, తెర మీద మూగనోము పట్టినట్టు నిలబడ్డాడు. మేనేజర్ గారు మర్యాదస్తులు కాబట్టి, "మీ మామయ్య సైగలు బాగా చేస్తాడయ్యా" అని ఊరుకున్నారు.

అది ఎంపీత్రీ ఫైలని నీ సీడీ మీద నువ్వే రాశావు. మా ఆఫీసులో కంప్యూటరు చూసే అమ్మాయి దాన్ని పరీక్షించి ఇది ఎంపీత్రీ కానే కాదంది. నీకు రాకపోతే రాదని చెప్పాల్సింది. తప్పేమీ లేదు. ఇంకా టైముంది, సరిచేసి పంపు.

మా ఫోన్లకు జబ్బేమీ లేదు. సిగ్నలు సరిగా ఉండదు. మామయ్యను అడిగానని చెప్పు. పల్లెలో దోమలెక్కువ, పేటలో ఉండటమే ఆయన ఆరోగ్యానికి మంచిది.

కోటేష్.


చిలకలూరిపేట,
డిసెంబరు నెలాఖరు.

పర్మినెంటు కాబోతున్నవారికి,

ఎంత పొరపాటు జరిగిపోయింది. నా కంప్యూటర్లో రికార్డయినది డబ్ల్యూఎంఏ అనే రకం ఫైలు. మీకు ఎంపీత్రీ కావాలి గదా అని, దాని పేరు చివర పాత అక్షరాలు చెరిపేసి కొత్తవి రాశాను. పైన పేరు మారిస్తే లోపలి సరుకు కూడా మారుతుందనుకున్నాను. సంచి మీద పేరు మార్చి అదే గింజను మళ్లీ అమ్మే వ్యాపారంలో తమ్ముడుంటే అక్కకు అలాంటి ఆలోచనలే వస్తాయి. మీ ల్యాప్‌టాప్ మాత్రం పేరు చూసి మోసపోలేదు, లోపల చూసి కాదంది. దానికి నా అభినందనలు అందజెయ్యి.

పల్లెలో దోమలకు భయపడి మామయ్య పేటకు వచ్చాడన్న సంగతి నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు. అరవై ఏళ్లు ఆ దోమల మధ్యే ఉన్నాడు పాపం. ఆయనకూ తెలిసి ఉండదు.

ఒక సందేహం. నీ ఫొటోలన్నీ సెప్టెంబరువి. చేను ఏపుగా ఉంది, పెళ్లిచూపులకు కూర్చోబెట్టొచ్చు. కానీ ఇప్పుడు పత్తి తీసే కాలం గదా. పత్తి చేనంటే తెల్లగా విచ్చిన కాయ చూపించాలి గాని, ఆకు చూపిస్తే గోంగూర అనుకోరూ? అదే చేను ఇప్పుడెలా ఉందో ఫొటో తీసుకొస్తానని మీ బావ అంటున్నాడు. ఆటోలో అరగంట దూరం. తెమ్మంటావా?

ఈసారి అసలు సిసలైన వేవ్ ఫైలు చేసి పంపుతున్నాను. పేరూ సరుకూ రెండూ ఒకటే. ఇది పలక్కపోతే నన్నడుగు.

అక్క.


సత్తెనపల్లి,
జనవరి, 2004.

అక్కయ్యకు,

పలికింది. పలక్కపోయినా బాగుండేది.

మామయ్య నోరు తెరవగానే లోపలి నుంచి చిట్టెలుక మాట్లాడింది. కీచుగొంతుతో "సోదర రైతులారా" అని మొదలుపెట్టి, రెండు నిమిషాల ఉపన్యాసాన్ని ఒక్క నిమిషంలో ముగించి ఊరుకుంది. నీ సన్నాయి ఈల వేసింది. ఆఫీసులో అందరూ పనులు మానేసి వచ్చి చూశారు. మళ్లీ పెట్టు, మళ్లీ పెట్టు అని అడిగి మరీ నవ్వారు. మేనేజర్ గారు నన్ను పక్కకు పిలిచి, తిరునాళ్లలో మనం పెట్టేది విత్తనాల స్టాలా, బొమ్మలాటా అని అడిగారు. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అక్కా, దీని మీద నా ఉద్యోగం ఆధారపడి ఉంది. నీకు వెటకారంగా ఉంది గాని, మూడేళ్ల నుంచి నేను ఈ ఎండల్లో తిరిగేది ఆ పర్మినెంటు కాగితం ఒక్కదాని కోసమే. మనసు పెట్టి చెయ్యి.

ఫొటోలు ఉన్నవి చాలు. మేనేజర్ గారు ఓకే చేసేశారు, ఇక మార్చడానికి వీల్లేదు. బావకు శ్రమ ఇవ్వకు.

కోటేష్.


చిలకలూరిపేట,
జనవరి మూడో వారం.

తమ్ముడికి,

గొంతును కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు అది సెకనుకు ఇన్ని వేల ముక్కలని తరుగుతుంది. నేను ఇరవై రెండు వేల ముక్కలుగా తరిగి, ఫైలు మొదట్లో నలభై నాలుగు వేలని రాశాను. చదివే యంత్రం ఆ రాత నమ్మి, రెండింతల వేగంతో చదివేసింది. అందుకే మామయ్య చిట్టెలుకయ్యాడు. పైన రాసింది నమ్మి పాడైన వాళ్లను నవ్వకూడదని మీ ఆఫీసువాళ్లకు చెప్పు. మన జిల్లాలో అలాంటివాళ్లు చాలామంది ఉన్నారు.

ఇప్పుడు సరిచేశాను. మామయ్య గొంతు మామయ్య గొంతులాగే ఉంది. నా కంప్యూటర్లో మొదటి నుంచి చివరి దాకా పెట్టి చూశాను, మీ బావ సాక్షి.

ఇంకో మాట. ఈ పని చేసినప్పుడల్లా మామయ్య గొంతు షాపంతా మోగుతుంది. ఆయన ముందు గదిలో పేపరు చదువుతూ ఉంటాడు. "నా మాట మీద గురి ఉంటే ఈ గింజ వెయ్యండి" అన్న చోటికి రాగానే పేపరు మడిచి పక్కన పెట్టి, చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోతాడు. హైవే పక్కన జిన్నింగు మిల్లు దాకా నడిచి, అక్కడ లారీల్లోంచి దించే పత్తి చూస్తూ నిలబడతాడట. మీ బావ చాలాసార్లు చూశాడు. ఇదంతా ఎందుకమ్మా అని నన్ను ఇంతవరకూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆయన్ని ఆశ్చర్యపరచాలన్నావు గదా. నీ కోరిక తీరుతున్నట్టే ఉంది.

ఒకసారి వచ్చి వెళ్లరాదూ? సత్తెనపల్లి నుంచి ఇక్కడికి బస్సులు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

అక్క.


సత్తెనపల్లి,
ఫిబ్రవరి మొదటి వారం.

కోటేశ్వరి గారికి,

నరసరావుపేటలో బుడే అని ఒకాయన నీలాగే రికార్డింగ్ షాపు నడుపుతాడు. తెరా ప్రొజెక్టరూ అద్దెకిస్తాడు. తిరునాళ్లకు ఆయన్నే మాట్లాడుకున్నాం. ముందుగా ఒకసారి సరిచూసుకుందామని మేనేజర్ గారిని వెంటబెట్టుకుని వెళ్లి, నీ మూడో సీడీ ఆయన కంప్యూటర్లో పెట్టించాను.

మామయ్య చేను వచ్చింది. సన్నాయి రాలేదు. ఒక ఆడగొంతు వచ్చింది. ప్రజలకు విజ్ఞప్తి, గేదె తప్పిపోయింది అంది. మామయ్యకు మేనేజర్ గారు దండ వేస్తున్న ఫొటో వచ్చే సరికి ఆ గొంతు, "నుదుట మచ్చ, ఎడమ కొమ్ము వంకర, మనుషులను చూస్తే బెదురుతుంది" అంటోంది. మేనేజర్ గారికి నుదుట మచ్చ ఉన్న సంగతి నీకు తెలియదు, కాబట్టి ఆ ఒక్క నేరం నీ మీద మోపడం లేదు.

ఎందుకిలా జరిగిందో బుడే విడమరిచి చెప్పాడు. పెద్ద సౌండు ఫైలును పవర్‌పాయింట్ తనలో ఉంచుకోదట, అది ఎక్కడుందో చిరునామా మాత్రం రాసుకుంటుందట. మామయ్య గొంతు నీ కంప్యూటర్ డి డ్రైవులో, సాంగ్స్ అనే ఫోల్డరులో, ఒకటో నంబరు ఫైలుగా ఉండిపోయింది. బుడే కంప్యూటర్లో అదే చిరునామాకు వెళ్లి చూస్తే అక్కడ ఆయన గేదె దొరికింది. మీ మైకు ప్రకటనల వాళ్లందరూ ఫోల్డర్లకు ఒకే పేర్లు పెడతారట.

అంతా చెప్పి, బుడే నవ్వుతూ ఒక మాట అన్నాడు. "కోటేశ్వరమ్మగారు ఈ తప్పు చెయ్యదు బాబూ. సౌండుని లోపల పెట్టాలని నాకు నేర్పిందే ఆవిడ. కావాలని చేస్తే తప్ప ఇలా రాదు."

మొదటిది పొరపాటన్నావు. రెండోదీ పొరపాటన్నావు. మూడోది నీ శిష్యుడే పట్టించాడు. కావాలని చేశావు. తోడబుట్టిన వాడి నోటి దగ్గర కూడు ఎందుకు లాగుతున్నావో నాకు అర్థం కాలేదని అనను. అర్థమైంది. మామయ్య చేలో కాయ నిలవలేదని నాకు నవంబరులోనే తెలుసు. ఆ ఊళ్లో మిగతా చేలు కూడా అంతేనని తెలుసు. వానల వల్ల అని కంపెనీ రిపోర్టు రాసింది. నేను రాయలేదు. నేను కాదంటే వినేవాళ్లెవరూ లేరు. అయినా నేనొక్కణ్ణీ మానుకుంటే ఆ గింజ అమ్ముడుపోవడం ఆగుతుందా?

ఎంత పెద్ద ఫైలైనా లోపలే ఉంచుకునేట్టు బుడే ఏదో పరిమితి పెంచి, నీ రెండో సీడీలోని చిట్టెలుకను సగం వేగానికి దించి, మామయ్య గొంతును లోపల పెట్టేశాడు. ఇప్పుడు ఏ కంప్యూటర్లో పెట్టినా మామయ్య మాట్లాడతాడు. నీ సాయం ఇక అవసరం లేదు.

కోటేష్.


చిలకలూరిపేట,
ఫిబ్రవరి రెండో వారం.

ఒరేయ్ తమ్ముడూ,

మూడూ తెలిసే చేశాను. బుడే మంచి శిష్యుడు, గురువును ఇట్టే పట్టించేశాడు. నిన్ను చూసి నేను గర్వపడే అవకాశం మాత్రం నువ్వు ఇంకా ఇవ్వలేదు.

చెయ్యనని మొదట్లోనే చెప్పొచ్చు గదా అంటావు. చెబితే నువ్వు మర్నాడే బుడే దగ్గరికి వెళ్లేవాడివి. ఒక్కోసారి ఒక్కోటి చెడగొడుతూ ఉంటే, ఏదో ఒకనాటికి కోపం వచ్చి బస్సెక్కి వస్తావనుకున్నాను. వస్తే ముందు గదిలో మామయ్య కనిపిస్తాడు. ఆ తర్వాత నేనేమీ చెప్పనక్కర్లేదనుకున్నాను. నువ్వు రాలేదు. ఫోనులో ఆయన గొంతు వింటే పెట్టేస్తున్నావు గాని, అదే గొంతు తిరునాళ్లలో పెద్ద స్పీకర్లలో వినిపించడానికి మాత్రం నీకు జంకు లేదు.

నీకు తెలియదేమోనని ఇన్నాళ్లూ మనసులో ఒక మూల నిన్ను కాపాడుకుంటూ వచ్చాను. నవంబరులోనే తెలుసని నువ్వే రాశావు. ఆ ముక్క చదివి ఏడ్చానురా. వెటకారం చేసే ఓపిక కూడా ఆ రోజు లేకపోయింది.

ఇప్పుడు నువ్వు అడగకపోయినా చెబుతాను. ఆ ఊళ్లో ఎవరూ సంచి చూసి మీ గింజ కొనలేదు, మామయ్యను చూసి కొన్నారు. చేలన్నీ ఛాతీ ఎత్తు పెరిగి కాయ లేకుండా నిలబడ్డాయి. ఒక్కరు కూడా వచ్చి ఆయన్ని నిలదియ్యలేదు. వీధిలో కనిపిస్తే ఎప్పటిలాగే పలకరించారు. ఆయన భరించలేకపోయింది అదే. తిడితే అక్కడే ఉండేవాడు. ఒక రోజు గుడ్డల సంచితో మా గుమ్మంలోకి వచ్చి, "కొన్నాళ్లు ఉంటానమ్మా" అన్నాడు. అంతే, ఆ తర్వాత ఊరి మాట ఎత్తలేదు.

ఆయనకు మైకు పట్టుకోవాలన్న సరదా ఏనాడూ లేదు. మేనల్లుడి ఉద్యోగం నిలబడుతుందంటే పట్టుకున్నాడు. సెప్టెంబరులో ఆయన చెప్పింది నమ్మి చెప్పాడు. శివరాత్రి నాడు నువ్వు వినిపిస్తే అది అబద్ధం. గొంతు ఆయనది, అబద్ధం నీది.

నీ ఉద్యోగం పోతే ఇంకొకటి దొరుకుతుందని తేలిగ్గా చెప్పను. దొరకకపోవచ్చు. అయినా అది వినిపించకు. చెడగొట్టడానికి ఇక నా చేతిలో ఏమీ లేదు. అడుగుతున్నాను.

అక్క.


సత్తెనపల్లి,
శివరాత్రి వెళ్లిన తర్వాత.

అక్కా,

వినిపించాను.

నీ ఉత్తరం జేబులో పెట్టుకునే వినిపించాను. బుడే పని తిరుగులేదు. కొండ కింద స్టాలులో తెర కట్టి మీట నొక్కగానే మామయ్య గొంతు ఖంగుమంది. పక్కనున్న జీళ్ల అంగడివాళ్లు కూడా ఇటు తిరిగారు. మేనేజర్ గారు నా భుజం తట్టారు. జనం మూగుతుంటే నాకు సంతోషంగానే ఉంది. దాచడం దేనికి, చాలా సంతోషంగా ఉంది.

అప్పుడు మామయ్య ఊరి నుంచి బసవమ్మ వచ్చింది. మామయ్య చేనుకు తూర్పు గట్టున కౌలుకు చేస్తుంది, నువ్వెరుగుదువు. ఆమెను చూడగానే తిడుతుందని సిద్ధపడ్డాను. ఏం చెప్పాలో కంపెనీ ముందే నేర్పింది, వానలని చెప్పాలి. ఆమె నా దగ్గరికొచ్చి, "ఇది మీ మామ గొంతే గదా నాయనా" అంది. అవునన్నాను. ఊళ్లో కనపడక ఏమైపోయాడోనని అందరూ దిగులుపడుతున్నారని, ఇక్కడ మాట్లాడుతున్నాడని ఇప్పుడు తెలిసిందని చెప్పింది. తెర మీద మామయ్యను చూసి నిజంగానే సంబరపడింది. తర్వాత అడిగింది.

"ఈ ఏడు కూడా ఇదే మంచిదంటున్నాడా? అయితే మళ్లీ ఇదే ఏస్తాం. పోయినేడు మా చేతిలోనే ఏదో లోపం జరిగుంటది."

అక్కా, ఆమె నన్నేమీ అనలేదు. నేను పెద్ద అబద్ధం ఆడక్కర్లేదు కూడా. ఊఁ అంటే సరిపోయేది. స్పీకర్లోంచి మామయ్య, నా మాట మీద గురి ఉంటే ఈ గింజ వెయ్యండి అంటున్నాడు. ఆమె ఆ మాటకు తలూపుతోంది.

నేను సౌండు ఆపేసి మైకు తీసుకున్నాను. ఈ మాటలు సెప్టెంబరులో చెప్పినవని, అప్పటికి కాయ పట్టలేదని, తర్వాత మా మామయ్య చేలోనే కాయ నిలవలేదని, ఆ సంగతి నాకు నవంబరు నుంచి తెలుసని చెప్పాను. ధైర్యంగా చెప్పాననుకోకు. నా గొంతు కంటే నువ్వు పంపిన చిట్టెలుక నయం. మేనేజర్ గారు మైకు లాక్కుని, సాంకేతిక లోపం వల్ల కొన్ని తప్పుడు మాటలు వినిపించాయని, రైతులు మన్నించాలని ప్రకటించారు. ల్యాప్‌టాపూ మోటారు సైకిలు తాళాలూ అక్కడికక్కడే తీసుకున్నారు. తిరునాళ్ల బస్సులో నిలబడి వచ్చాను.

మామయ్య ఎదుటికి రావాలంటే మొహం చెల్లడం లేదు. ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించు.

కోటేష్.


చిలకలూరిపేట,
ఫిబ్రవరి నెలాఖరు.

తమ్ముడికి,

చదివి వినిపించాను. మామయ్య పేపరు మడవలేదు, బయటికీ వెళ్లలేదు. బసవమ్మ మాటల దగ్గరికి వచ్చాక, "ఆ ముక్క మళ్లీ చదువు" అన్నాడు. మళ్లీ చదివాను. లేచి, గుడ్డల సంచి ఎక్కడ పెట్టావమ్మా అని అడిగాడు. ఒక్కణ్ణీ పంపడానికి మనసొప్పక షాపుకు తాళం వేసి నేనూ వెంట వెళ్లాను.

బస్సు దిగి ఇంటికి పోలేదు. నేరుగా బసవమ్మ గుమ్మంలోకి నడిచాడు. ఆమె మంచం వాల్చింది. కూర్చోలేదు. "నీ చేతిలో లోపం లేదు బసవమ్మా. గింజలో ఉంది. దాన్ని మంచిదని చెప్పిన నా నోట్లో ఉంది" అన్నాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత, మరి ఈ ఏడు ఏం వెయ్యమంటావు బాపయ్యన్నా అని అడిగింది.

మామయ్య నీకు తెలుసు గదా. ఆ ఊళ్లో ఏ అదనులో ఏం విత్తాలో, ఏ మందు ఎప్పుడు కొట్టాలో, అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పే మనిషి. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆయన చెప్పలేని ప్రశ్న నేను వినలేదు. మెల్లగా మంచం మీద కూర్చుని, "నాకు తెలీదమ్మా" అన్నాడు.

నాకు దుఃఖం ఆగలేదు. బసవమ్మ మాత్రం తేలిగ్గా తీసుకుంది. తెలియకపోతే నలుగురం కూర్చుని ఆలోచిద్దామని, అందర్నీ పిలుచుకొస్తానని వీధిలోకి వెళ్లింది. వాళ్లు వచ్చారు. కొందరు తిట్టారు కూడా. ఒకాయన గట్టిగానే తిట్టాడు. మామయ్య తలవంచుకుని అన్నీ విన్నాడు. విన్నకొద్దీ ఆయన మొహం తేటపడటం చూశాను. సాయంత్రం నన్ను ఒక్కదాన్నే బస్టాపుకు తీసుకొచ్చాడు. తను ఇక ఊళ్లోనే ఉంటాడట.

నిన్ను మెచ్చుకోవాలని ఉంది. కానీ నువ్వు ముందు వినిపించి తర్వాత ఆపావు, కాబట్టి సగమే మెచ్చుకుంటాను. మిగతా సగం నా దగ్గరే ఉంచుతున్నాను. మీ బావ నీకు ఆటో నేర్పిస్తానంటున్నాడు. ఆయన నడిపే తీరు చూసినదాన్ని కాబట్టి నేను వద్దంటున్నాను.

బస్సు కదలబోతుంటే మామయ్య కిటికీ దగ్గరికి వచ్చాడు. "వాడు తిరునాళ్లలో అందరికీ చెప్పాడంటగా. నాకు మాత్రం చెప్పలేదు. వచ్చి చెప్పమను" అన్నాడు.

అక్క,
కోటేశ్వరి.